చెప్పుల పెట్టెలో ఎరుపు

పదకొండేళ్లుగా ఆమె పని ఒక్కటే. గోడకు లప్పం పట్టించడం, అది ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్దడం. తీరా రంగు వేసే రోజు వచ్చేసరికి మేస్త్రీ ఆమెను ఇంకో ఇంటికి తోలేసేవాడు. "లప్పమక్క చేతికి కుంచె ఎందుకు?" అని నవ్వేవాడు. గోడ నునుపు ఆమెది, మెప్పు మేస్త్రీది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా!

చివరికి పక్క వీధి టీచరమ్మ, మేస్త్రీని కాదని తన హాలు ఆమెకే అప్పగించింది. నాలుగు గోడలకూ వెచ్చని ఎరుపు కావాలంది. ఇది బాగా వస్తే సొంతంగా రంగు వేయడానికి మరో ఇల్లు దొరుకుతుంది. చెడిందా, బతుకంతా గరుకు కాగితమే.

ఏరగా ఏరగా దుకాణంలో రెండు ఎరుపులు మిగిలాయి. ఒకటి కొత్త ఇటుకలా కళకళలాడుతోంది. రెండోదీ అలాంటిదే, కాస్త మట్టి కలిసినట్టుంది. టీచరమ్మ మొదటిదాని మీద వేలు పెట్టింది. లప్పమక్క మనసు మాత్రం రెండోదాని మీద ఉంది.

"రెండూ ఒకటేగా! ఆవిడ అడిగింది పూసేసి ఊరుకో," అన్నాడు డబ్బాలు కొనడానికి వచ్చిన మేస్త్రీ.

తలూపితే గొడవే లేదు. కానీ తాను లప్పం పెట్టిన గదులన్నిటినీ ఆమె తర్వాత వెళ్లి చూసి వచ్చేది, ఏదో వంక పెట్టుకుని. దుకాణంలో రంగులు చూపే అట్టముక్క మీద ముద్దొచ్చిన ఎరుపు, ఎదురెదురు గోడలకు ఎక్కాక ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి భగ్గుమనడం కళ్లారా చూసింది.

అందుకే రెండు చెప్పుల పెట్టెలు తెచ్చింది. ఒక్కోదాని లోపలంతా ఒక్కో రంగు రెండేసి పూతలు పూసింది. పైన వెలుతురుకు సందు, పక్కన కంటికి కన్నం పెట్టింది. మర్నాడు వాటిని హాలు కిటికీ దగ్గర ఉంచి, "చూడండి టీచరమ్మా," అంది.

టీచరమ్మ మొదటి పెట్టెలోకి చూసి ఉలిక్కిపడింది. "అమ్మో, మండే పొయ్యిలో తల పెట్టినట్టుందే!"

రెండో పెట్టె నుంచి మాత్రం చాలాసేపు కన్ను తీయలేదు.

"నేననుకున్న ఎరుపు ఇదేనమ్మా. దుకాణంలో దీన్నేనా నేను వద్దన్నది?"

హాలు పూర్తయిన రోజు వంకలు వెతకడానికి మేస్త్రీ వచ్చాడు. మూలలు చూశాడు, పైకప్పు అంచు చూశాడు, గోడ తడిమాడు. ఒక్క వంకా దొరక్క వెళ్లిపోయాడు. రెండు రోజులకు ఫోన్ చేశాడు.

"పెద్దిల్లు ఒకటి ఒప్పుకున్నా. రేపు నీ పెట్టెలు పట్టుకుని రామ్మా, రంగు నువ్వే తేల్చాలి."

రామ్మా! పదకొండేళ్లలో మొదటిసారి. అక్కకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గొంతు మాత్రం నిదానంగానే ఉంచింది.

"రేపు కుదరదన్నా. టీచరమ్మ చెల్లెలి ఇల్లు మొదలుపెడుతున్నా. లప్పానికే ఒక మనిషి తక్కువయ్యాడు. మీరొస్తారా?"