సుద్ద కలపని పిండి

మా మిల్లు ఊరు థోర్న్‌క్లఫ్‌లో నేతగాళ్లకు కొదవ లేదు. నోరు మూసుకోలేని నేతగాడు మాత్రం ఎనాక్ ఆగ్డెన్ ఒక్కడే.

ఊళ్లో ఉన్న ఏకైక దుకాణం మా మిల్లు యజమాని బావమరిది క్రాబ్‌ట్రీది. మహా ధర్మాత్ముడు. గోధుమపిండిలో సుద్దపొడి, టీలో కంచెమీది ఎండుటాకులు కలిపి, ఆదివారం ప్రార్థనలో మొదటి వరుసలో కూర్చునేవాడు. మిల్లు కూలి ఆ దుకాణంలోనే ఖర్చుపెట్టాలని యజమాని ఆజ్ఞ. అందుకని ఆ ధర్మాన్నే మేమంతా పూటపూటా తినేవాళ్లం.

ఒక చలికాలం ఎనాక్ తల్లికి కడుపునొప్పి పట్టుకుంది. ఆవిడ పొయ్యిని తిట్టింది, కోడలు కెజాయాను తిట్టింది, పిండిని మాత్రం ఒక్క మాట అనలేదు. అంత తెల్లటి పిండిని ఎవరు అనుమానిస్తారు? ఎనాక్ అనుమానించాడు. ఆదివారం ప్రార్థన ముగిశాక, మందిరం మెట్లమీద అందరూ చూస్తుండగా గిన్నెడు పిండిలో వెనిగర్ పోశాడు. అది బుసబుసా పొంగింది.

"సుద్ద ఉంటేనే ఇలా పొంగుద్ది క్రాబ్‌ట్రీ గారూ," అన్నాడు.

"మంచి పిండిలో జీవం ఉంటదయ్యా. అందుకే పొంగుతోంది," అన్నాడు క్రాబ్‌ట్రీ టోపీ సర్దుకుంటూ.

సగం ఊరు భక్తిగా తలూపింది. మర్నాడే మిల్లులో ఎనాక్ పని పోయింది. తలూపనివాళ్లం కొందరం అతని ఇంట్లో చేరి, మా పని కూడా పోతే పోనీ అనుకుని, చందాలు వేసుకుని, పాత ఉన్ని కొట్టం అద్దెకు తీసుకుని సొంత దుకాణం తెరిచాం. దుకాణం సభ్యులందరిదీ, మనిషికి ఒకే ఓటు. ఆడవాళ్లకూ ఓటుండాలని ఎనాక్ గొంతు బొంగురుపోయేదాకా వాదించి నెగ్గాడు. దుకాణాన్ని నడిపేందుకు ఏటా ఎన్నుకునే సంఘంలో అతనికీ చోటు దొరికింది.

ఇక స్వర్గమే అనుకున్నాం. వారం తిరక్కుండా పక్కింటి హానా రొట్టె పట్టుకొచ్చి బల్లమీద పెట్టింది.

"ఏం ఎనాకన్నా, మట్టిరంగు రొట్టెలు తినడానికా మేం చందాలు కట్టింది? క్రాబ్‌ట్రీ పిండయితే మల్లెపువ్వులా ఉండేది."

వెనకాలే మరికొందరు వచ్చారు. మా సంఘం పెద్దలు గంభీరంగా ఆలోచించి, రంగు కోసం రవ్వంత సుద్ద కలిపితే తప్పేమిటన్నారు. దేన్ని ఎదిరించి దుకాణం పెట్టామో దాన్నే ఓటుకు పెట్టారు. ఎనాక్ గంటసేపు నీతులు చెప్పాడు. చెప్పేకొద్దీ సుద్దకు మద్దతు పెరిగింది.

అప్పుడు కెజాయా లేచింది.

"నువ్వు కూర్చోవయ్యా. పిండికి నీతులెందుకు? ఈ పిండి ఎక్కువసేపు పులవాలి, అంతే. రేపు అందరూ మా ఇంటికి రండమ్మా, కలిపి చూపిస్తా. ఓటు ఆ తర్వాత వేద్దాం."

మర్నాడు ఆమె వంటింట్లో ఆడవాళ్లు క్రిక్కిరిశారు. రొట్టె గోధుమరంగులోనే వచ్చింది, కానీ మెత్తగా, కమ్మగా ఉంది. హానా రెండు ముక్కలు తిని, రంగు గురించి తానసలేమీ అనలేదని చెప్పింది. సుద్ద ఓడిపోయింది.

ఆ గెలుపు మాత్రం ఎనాక్ తలకెక్కింది. ప్రతి బస్తాలో వేలుపెట్టి, ప్రతి మనిషికీ ఉపన్యాసమిచ్చాడు. మరుసటి ఏడు ఎన్నికల్లో, తాను పోరాడి తెచ్చిన ఓట్లతోనే సంఘంలోంచి బయటపడ్డాడు. కెజాయా కూడా అతనికి వ్యతిరేకంగానే చెయ్యెత్తింది.

"నువ్వు కూడానా?" అన్నాడు.

"ఇంట్లో వింటున్నది చాలయ్యా," అందామె.

ఎనాక్ కొన్నాళ్లు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నాడు. అతని స్థానంలో సభ్యులు కెజాయాను ఎన్నుకున్నారు. సంఘం కూర్చున్న సాయంత్రాల్లో వృద్ధురాలైన తల్లికి జావ కాచిపెట్టే పని ఎనాక్‌కు దక్కింది. జావలో ఉండలు కట్టాయని ఆవిడ ప్రతిసారీ తిట్టేది.