కగేహా మెచ్చిన కోడి

ముదేతే సంతలో కగేహాకు నచ్చిన మాంసం ఇంతవరకూ పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఆవిడ కంట పడేసరికి అది ముసలిదైపోయి, నీరు కారి, ఈగలు ముసిరి ఉంటుంది. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆవిడే చెప్పుకునేది.

మాంసం కొట్టు అసావా ఆవిడ గొడుగు మలుపు తిరగడం చూస్తేనే కత్తి పక్కన పెట్టి దేవుణ్ణి తలుచుకునేవాడు. అతని కొట్లో అద్దం వెనక ఎద్దు తొడ వేలాడుతుంటుంది. దాని మీద పశువుల డాక్టరు వేసిన ఊదారంగు ముద్ర, పైన ఎర్రటి బల్బు.

"ఆ దీపం ఆర్పి చూపించరా అసావా" అనేది కగేహా. "ఆ వెలుగులో మా ఆయన కూడా పెళ్ళికొడుకులానే కనబడతాడు."

"డాక్టరు ముద్ర ఉంది కదమ్మా."

"ఉంది. పశువును చూసి వేశాడో, నువ్విచ్చిన టీ తాగి వేశాడో అది కూడా రాసుంటే బాగుండేది."

వేలితో తొడను నొక్కి, పడిన గుంట మళ్ళీ పైకి లేస్తుందా లేదా అని చూసేది. కొవ్వును గోటితో గీరి వాసన చూసేది. ఆఖరికి అరకిలో తూయించి, తూకంలో అసావా జారవిడిచిన బొమికను తీసి అతని చేతిలోనే పెట్టేది. "ఇది మీ అత్తగారికి పంపించు, పళ్ళు గట్టివని విన్నాను" అని ఒక మాట వేసి మరీ వెళ్ళేది. వచ్చిన చిక్కేమిటంటే, ఆవిడ వంక పెట్టిన మాంసం నిజంగానే ఏదో వంక ఉన్నదై ఉండేది. అందుకే ఊళ్ళో పెళ్ళి జరిగినా, చావు జరిగినా మాంసం ఎంచడానికి ఆవిడనే పిలిచేవారు. పిలిచి, పని అయ్యాక ఆవిడ నోటి దురుసు గురించి చెప్పుకునేవారు.

కోళ్ళ దగ్గర ఆవిడ పద్ధతే వేరు. కోడిని తలకిందులు చేసి, రొమ్ము మీది ఈకల్లోకి ఉఫ్ అని ఊది, తోలు రంగు చూసి, రొమ్ముటెముకను రెండు వేళ్ళతో గిల్లేది. తర్వాత పై పెదవి ఒక మూలకు విరిచేది. ఆ పెదవి విరిగిందంటే ఆ కోడి ఆ పూటకు అమ్ముడుపోదు. ఇంత తెలిసిన మనిషి కోడిమాంసం నోట పెట్టి ఎరగదు. ఆవిడ తల్లి కాలంలో ఆడవాళ్ళు కోడి తినకూడదు. ఇప్పటి ఆడపిల్లలు బొమికలు కూడా వదలడం లేదు గానీ కగేహా మాత్రం పాత కట్టుబాటు దాటలేదు. రుచే తెలియని దానికి ఇంత పొగరేమిటని అసావా చాటున అనేవాడు, ఎదురుగా అనే ధైర్యం అతని వంశంలో లేదు.

ఆ పెదవికి అందరికంటే ఎక్కువ బలైనది ముహోంజా. ఆవిడ కగేహా పక్కింటి మనిషే. సంతలో దారి పక్కన గోనె పరుచుకుని, కాళ్ళు కట్టిన కోళ్ళు పెట్టుకుని కూర్చునేది. కోళ్ళు అంత గొప్పవీ కావు, అంత చెడ్డవీ కావు, ఆ ఊరికి తగినవే. కగేహా మాత్రం "కాకులు ఎలా ఇస్తున్నావే?" అని నలుగురూ వినేలా అడిగి, జవాబు కోసం ఆగకుండా నడిచిపోయేది. సాయంత్రం ముహోంజా సగం కోళ్ళు మళ్ళీ ఇంటికి మోసుకుపోయేది.

కూతురు మినాయో కిసుము నగరంలో నర్సు. ఒకసారి తల్లిని అక్కడి సూపర్ మార్కెట్టుకు తీసుకెళ్ళింది. అక్కడ చల్లటి గదిలో, తలలు లేని తెల్లటి కోళ్ళు ప్లాస్టిక్ తొడుగుల్లో వరసగా పడుకుని ఉన్నాయి. కగేహా ఒకదాన్ని బొటనవేలితో నొక్కి నొక్కి, తొడుగు చిరిగేదాకా నొక్కింది. తెల్లకోటు కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చాడు.

"నొక్కకూడదమ్మా!"

"గుమ్మడికాయనైనా తట్టి చూసి కొంటాం కదయ్యా. దీన్ని చూడకుండా ఎలా కొనాలి?"

"తేదీ ఉంది చూడండి."

"తేదీ మా ఆయన పింఛను కాగితం మీదా ఉంది. దాన్ని చూసి ఆయన పనికొస్తాడని ఎవరనుకున్నారు?"

బయటికొచ్చాక "పైన పటారం, లోన లొటారం" అని ఒక్క మాటతో కిసుము నగరాన్ని కొట్టిపారేసింది. మినాయో సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ మినాయోకే సంబంధం కుదిరింది. బున్యోరే ప్రాంతం వాళ్ళు. పిల్లాడు మంచివాడు, మినాయో అతని మీద మనసు పెట్టుకుని చాలా కాలమైంది. కన్యాశుల్కం కింద ఎన్ని ఆవులన్నది మాట్లాడుకోవడానికి శనివారం పెద్దలు వస్తామన్నారు. వాళ్ళకు పెద్ద, పిల్లాడి పెదనాన్న అంబుందో. ఆ మనిషి పేరు వింటేనే ఆడపిల్లల ఇళ్ళల్లో గరిటెలు వణికేవి. కోడి కూరలో కందనకాయ ఇంటికొచ్చిన పెద్ద అతిథిది, ఇది ఆ ప్రాంతంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కంచంలో అది లేకపోతే "నీకు ఈ గడపలో విలువ లేదు" అని మొహాన చెప్పినట్టే. పోయినేడు ఒక ఇంట్లో కందనకాయ కనబడలేదని అంబుందో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉంది.

కగేహా ఈ రోజు కోసమే రెండు పెట్టల్ని మేపుతూ వచ్చింది. సరిగ్గా వారం ముందు కొక్కెర తెగులు వచ్చి గూడంతా ఊడ్చుకుపోయింది. పోనీ, గురువారం సంతలో ఎంచి కొందామనుకుంటే, బుధవారం పుట్టింట్లో మేనత్త పోయిందని కబురొచ్చింది. వెళ్ళక తప్పదు. చేసేది లేక డబ్బు మొగుడి చేతిలో పెట్టింది.

"రెండు నాటుకోళ్ళు. ఊది చూడు, గిల్లి చూడు. ఆ ముహోంజా దగ్గర మాత్రం కొనకు."

"నాకు తెలీదా?" అన్నాడు చగాలా.

చగాలా రైల్వేలో గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. నలభై ఏళ్ళుగా ఇంట్లో కందనకాయలన్నీ ఆయనే తిన్నాడు. ఇంటి యజమాని కాబట్టి తిన్నాడు, అంతకుమించి యోగ్యత ఏమీ లేదు. గురువారం పింఛను పనికి కిసుము వెళ్ళి, కోళ్ళను చంకలో పెట్టుకుని బస్సెక్కడం తన హోదాకు తగదనుకుని, సూపర్ మార్కెట్టులో రెండు ప్యాకెట్లు కొన్నాడు. మిగిలిన దానితో స్నేహితులకు బీరు పోయించాడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కొనొచ్చి, పెద్ద కార్యం చేసినట్టు నిద్రపోయాడు.

కగేహా శనివారం పొద్దున ఇంటికొచ్చేసరికి పొయ్యి పక్కన గడ్డకట్టిన రెండు ముద్దలున్నాయి.

"కోళ్ళు తెమ్మంటే రాళ్ళు తెచ్చావేం?"

"ఈకలు పీకే పనిలేదు, పేగులు తీసే పనిలేదు. నీ శ్రమ తగ్గిద్దామనే."

"నీకు నా శ్రమ గుర్తొచ్చిన రోజే నా కొంప మునుగుతుంది."

ఇక మాటలకు టైము లేదు. ప్యాకెట్లను వేడినీళ్ళలో పడేసింది. అవి మెత్తబడే లోపే అతిథులు వచ్చేశారు. అంబుందో పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉన్నాడు, కుర్చీని దులిపించుకుని గానీ కూర్చోలేదు. మినాయో టీలు ఇచ్చింది. కగేహా వంటింట్లో మొదటి కోడి కడుపులో చెయ్యి పెట్టి, లోపలి ముక్కలు చుట్టి పెట్టిన చిన్న ప్లాస్టిక్ సంచీ బయటికి లాగింది. రెండోదాంట్లోంచీ ఒకటి లాగింది. తర్వాత వెనక గుమ్మం దగ్గరికి మొగుణ్ణి పిలిచింది.

"మెడలున్నాయి. కార్జాలున్నాయి. కందనకాయలేవీ?"

"సరిగ్గా చూడు."

"చూశాను. రెండిట్లోనూ లేవు."

చగాలా కొంచెంసేపు ఆలోచించాడు. "ఫారం కోళ్ళకు ఉండవేమో" అన్నాడు.

కగేహా చేతిలోని కత్తిని జాగ్రత్తగా కింద పెట్టింది. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. గోడ దగ్గర మినాయో నిలబడి ఉంది. అంతా వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంచె అవతల నుంచి కోడి కూర వాసన వస్తోంది. సన్నటి సెగ మీద తెల్లారినప్పటి నుంచీ ఉడుకుతున్న అసలైన నాటుకోడి. ముహోంజా వాళ్ళన్నయ్య చుట్టపుచూపుగా వచ్చాడని కగేహాకు గుర్తొచ్చింది. గిన్నె తీసుకుని, కంచె సందులోంచి వంగి అవతలికి వెళ్ళింది.

"ఎవరూ? కగేహా వదినే!" ముహోంజా గరిటె పట్టుకునే తిరిగింది. "దారి తప్పావా ఏం? ఇక్కడ కాకులు తప్ప ఏమీ లేవే."

"నీ కుండలో కందనకాయ కావాలి."

"అది మా అన్నయ్యది."

"తెలుసు."

"మీ ఇంట్లో రెండు కోళ్ళు ఉడుకుతుంటే నా కాకి కందనకాయతో ఏం పని?"

కగేహా జరిగింది చెప్పింది. ముహోంజా నవ్వింది. నవ్వి నవ్వి, నిలబడలేక పొయ్యి పక్కనున్న పీట మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. కగేహా గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇస్తాను వదినా" అంది చివరికి. "గురువారం సంతలో నా దగ్గర ఒక కోడి కొను. నేనిచ్చిందే కొనాలి. ఊదకూడదు, గిల్లకూడదు. అందరూ వినేలా 'మంచి కోడి' అనాలి."

"నా నాలుక కోసిమ్మను, ఇస్తాను."

"నీ నాలుక ఎవరికి కావాలి? దానికి గిరాకీ లేదు. కందనకాయకు ఉంది."

కగేహా ఇంటి వైపు నుంచి అంబుందో గొంతు వినబడింది. "ఏం చగాలా, మీ ఇంట్లో పొయ్యి వెలిగించారా, ఇంకా కట్టెలు కొడుతున్నారా?" చగాలా ఏదో నసిగాడు. కగేహా గిన్నె చాపింది. ముహోంజా కుండలోంచి కందనకాయను ఏరి, పైన కాస్త పులుసు కూడా పోసింది.

భోజనాల దగ్గర అంబుందో మొదట మొక్కజొన్నపిండితో వండిన ఉగాలి ముద్దను నలిపి, ఒక ముక్క తుంచి చూశాడు. మాంసం ఎముక మీంచి నానిన కాగితంలా ఊడొచ్చింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. వేళ్ళతో పులుసంతా కెలికాడు. కందనకాయ తగిలింది. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలాడు.

"ఇదీ కోడంటే!" అన్నాడు. "చగాలా, కోడిని ఎంచడం తెలిసిన చెయ్యి నీది."

"ఏదోలెండి, వయసుతో పాటు వచ్చేదే కదా" అన్నాడు చగాలా, సిగ్గుపడుతున్నట్టు నటిస్తూ.

వంటింట్లో కగేహా ఆ మాట విని గరిటెను కుండలోకి విసిరింది. అయినా సాయంత్రానికి ఆవుల లెక్క తేలింది, పెద్దలు చేతులు కలుపుకున్నారు. మినాయో వెనక నుంచి వచ్చి తల్లిని వాటేసుకుని ఏడ్చింది. కగేహా ఆ పిల్ల వీపు నిమిరింది గానీ, ఆవిడ మనసంతా గురువారం మీదే ఉంది.

గురువారం రానే వచ్చింది. ముహోంజా వారమంతా వెతికి ఆ కోడిని సంపాదించినట్టుంది. మెడ మీద ఈకలు లేవు, ఒక కన్ను కారుతోంది, కాలు కట్టకపోయినా ఎక్కడికీ పోయే ఓపిక లేదు. కగేహా ముహోంజా దగ్గర కోడి కొంటుందన్న మాట ఎలా పాకిందో గానీ, కగేహా గోనె ముందు ఆగగానే బేరాలన్నీ ఆగిపోయాయి. అసావా కూడా కొట్టు వదిలి వచ్చి నిలబడ్డాడు.

"ఇదిగో వదినా, నీ కోసమే ఉంచాను."

కగేహా డబ్బిచ్చి కోడిని అందుకుంది. ఊదలేదు, గిల్లలేదు. చంకలో పెట్టుకునేసరికి దాని రొమ్ముటెముక కొడవలి అంచులా చేతికి తగిలింది. మాంసమన్నది లేదు. ఊదితే ఏం కనబడేదో అంతా ఆ చేతికే తెలిసిపోయింది. మాట మింగలేకా కక్కలేకా ఏదో గొణిగింది.

"గాలికి వినబడలేదు వదినా!"

"మంచి కోడి!" అని అరిచింది కగేహా.

కగేహా నోట మంచిది అన్న మాట అక్కడ ఎవరూ విని ఎరగరు. అందరూ పగలబడి నవ్వుతారని ఆవిడ పళ్ళు బిగించుకుంది. ఎవరూ నవ్వలేదు.

"విన్నావా? మంచిదంది."

"ఆవిడే అందంటే మాటలా!"

ఒకావిడ ముందుకొచ్చి ఒక పెట్టను పట్టుకుంది. ఆ వెనక ఇద్దరు, ఆ వెనక నలుగురు. గోనె చుట్టూ తోపులాట మొదలైంది. తూగుతున్న వాటినీ, ఈకలు రాలిన వాటినీ ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కున్నారు. అసావా రెండు కొన్నాడు. ఇంత కాలంగా పశువుల్ని కోస్తున్నవాడు కూడా ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు. ముహోంజా డబ్బు తీసుకోవడానికి రెండు చేతులూ చాలడం లేదు.

కగేహా వాళ్ళను చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళూ నిజం చెబితే నోటి దురుసన్నారు. ఒక్క అబద్ధం ఆడేసరికి సంచులు తెరిచారు. వీళ్ళ కోసమా తాను ఎండలో నిలబడి ఒక్కో కోడినీ ఊదింది?

కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె తల వాల్చేసిన కోడిని ఎత్తుకుని, మురిసిపోతూ ఆవిడ పక్క నుంచి వెళ్తోంది. కగేహా ఉండబట్టలేక చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒసే పిల్లా, కొనేముందు ఊది చూడవే!"

ఆ పిల్ల వింతగా చూసింది. "నువ్వే మంచివన్నావుగా అత్తా" అంది. "ఇంక ఊది చూసేదేముంది?"