మేకు దాకా వెళ్లని తాడు

నా చిన్నప్పుడు, అరవైల చివర, కళింగపట్నంలో మా మామ్మ ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు అమ్మకానికి వెళ్లేది. ఒకరోజు పడవ దగ్గర తడి చెక్క మీద కాలు జారి కుడి భుజం మీద పడింది. ఎముక విరగలేదు గాని నొప్పి ఆమెను నిద్రపోనివ్వలేదు.

మా వీధిలో అందరికీ మామ్మంటే ప్రేమ. ఆ చెయ్యిని గుడ్డతో మెడకు కట్టేసి, దాంతో ఏ పనీ చెయ్యనివ్వలేదు. ఆమెతో పాటు అమ్మకానికి వెళ్లే ఆడవాళ్లు వంతులు వేసుకుని వచ్చి, తల దువ్వి కొప్పు పెట్టేవారు. అమ్మ అన్నం కలిపి తినిపించేది. నేను చెంబు అందించేదాన్ని. కదపకుండా ఉంచితే నొప్పి పోతుందని అందరం నమ్మాం. నెలలు గడిచి కట్టు విప్పేసరికి చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవడం లేదు.

మా మేనత్త, అంటే మామ్మ కూతురు, ఆమెను బస్సులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. అక్కడ కీళ్లకు కసరత్తు నేర్పే ఆవిడ కాపడం పెట్టి, చెయ్యి మెల్లగా ఆడించి చూసింది. వాడక లేక భుజం బిగిసిపోయిందంది. రోజూ గోడ మీద వేళ్లను పైకి పాకించాలి, లాగినట్టున్న చోట కాసేపు నిలపాలి, మర్నాడు ఇంకాస్త పైకి పోవాలి అని చేయించి చూపింది. వచ్చేటప్పుడు గొంతు తగ్గించి, "ఇంకా ముందే తీసుకురావలసింది" అంది అత్తతో.

ఇంటికొచ్చాక మామ్మ గోడ ముట్టనంది. "గోడలు పాకడానికి నానేటి, బల్లినా? సూసినోళ్లు నవ్వరేటి?"

అత్త వాదించలేదు. పెరట్లో రెండు గుంజల మధ్య తాడు కట్టి, పొడుగాటి చేపలు దాని మీద ఆరవేసేవాళ్లం. ఆ తాడును మామ్మ చెయ్యి అందేంత కిందికి దించింది. పొద్దున్నే భుజానికి కాపడం పెట్టి, తట్ట ఆమె ఎడమ చంకన పెట్టి, కుడిచేత్తో చేపలు వెయ్యమనేది. కొన్నాళ్లకోసారి, మామ్మ చూడకుండా, తాడును కాస్త పైకి జరిపేది. నెత్తిన తట్టను పట్టుకుంటే చెయ్యి ఎంత ఎత్తుకు పోతుందో, గుంజకు అంత ఎత్తున ఒక మేకు కొట్టింది. తాడు చివరికి అక్కడికి చేరాలి.

"ఒసే, ఈ తాడు పైకి ఎవులు కట్టినారే?"

"తాడు ఉన్నకాడే ఉన్నాదమ్మా. నువ్వే కుంగిపోతన్నావు."

"నీ నోరు పడిపోను! నాను కుంగిపోనానా?" అని మామ్మ రోషంగా ఇంకో చేప అందుకునేది.

ఒకనాటి ఉదయం పక్కింటామె దువ్వెన పట్టుకొచ్చేసరికి మామ్మ తలకు కొప్పు ఉంది. తనే పెట్టుకుంది. రాత్రుళ్లు ఆ వైపు తిరిగి పడుకోగలుగుతోంది కూడా. మేమంతా సంతోషించాం. కాని తాడు మేకుకు జానెడు కింద ఆగిపోయింది. ఎంత కాపడం పెట్టినా, ఎంత ఓపిక పట్టినా, చెయ్యి ఆపైకి పోలేదు. మామ్మ ఖాళీ తట్ట ఒకసారి రెండు చేతులా నెత్తికెత్తబోయి, కుడిచెయ్యి అందక దించేసింది. ఆ తర్వాత ఒడ్డున కూర్చునే అమ్మింది. మళ్లీ ఊళ్లకు వెళ్లలేదు.

చాన్నాళ్ల తర్వాత, చేపలు ఆరవేస్తూనే అత్తతో అంది: "తాడు నువ్వే జరిపినావని నాకెరికే. ఆ కట్టు కట్టకుండా ముందే ఈ తాడు కట్టుంటే, తట్టెత్తుదును."

అత్త తట్టలోంచి ఇంకో చేప తీసి అందించింది. తను ఉన్నన్నాళ్లూ ఆ మేకు తుప్పు పట్టినా పీకలేదు. పోయినేడు అత్త కూడా పోయింది.

ఇప్పుడు నా మోకాలు బిగిసినప్పుడు కోడలు మంచం దగ్గరికే నీళ్లు తెస్తుంది. ఆమెది ప్రేమే. నేను గ్లాసు అక్కడే పెట్టమని, గోడ పట్టుకుని లేస్తాను. మొండిదాన్ననుకుంటుంది. నా కళ్ల ముందు మాత్రం తాడు చేరని ఆ మేకు ఉంటుంది.