బొరుసు ఎక్కడుంది?

ఈ పొద్దు మా కాలవ గట్టు మీద తగువు జరిగింది. రేపటి నుంచి కాలవ కట్టేస్తారంట. ఉన్న నీళ్ళు ఒక్క చేనుకే సరిపోతయ్. వెంకాయమ్మ మిరపా వాడిపోయింది, సీనయ్య బావమరిది మిరపా వాడిపోయింది.

సీనయ్య ఊళ్ళో పెద్దమనిషి. సినిమా విలన్ మాదిరి రూపాయి బిళ్ళని వేళ్ళ మీద ఆడించి, "బొమ్మ పడితే వెంకాయమ్మ పిన్నికి, బొరుసు పడితే మావాడికి" అని ఎగరేశాడు.

బిళ్ళ మట్టిలో పడింది. దాని మీద అచ్చేసిన బొటనవేలు ఎత్తిన చెయ్యి పైకి కనపడింది.

"బొరుసు" అన్నాడు సీనయ్య.

"అదేంది, చెయ్యి బొమ్మ ఉందిగా?" అంది వెంకాయమ్మ.

"అవతలి పక్క సింహాల వైపే బొమ్మ పిన్నీ."

"సింహాలు పడుంటే చెయ్యే బొమ్మ అనేవాడివి. ఒరేయ్ సీనయ్యా, బిళ్ళకి రెండు పక్కలా బొమ్మే. బొరుసు నీ నాలిక మీద ఉంది."

ఎవ్వరూ నవ్వలేదు. బావమరిది పార బిగించి పట్టుకున్నాడు. నేను పోయి వెంకాయమ్మ పక్కన నిలబడ్డా. ఇంకో ఇద్దరు వచ్చారు. ఆమె తనే గండి కొట్టుకుంది. నీళ్ళు ఆమె చేలోకి మళ్ళినయ్.

సినిమాలో విలన్ బిళ్ళ ఎగరేస్తే తలరాత అని అంతా తల వంచుతారు. ఒక్కరన్నా ఏదిరా బొమ్మ అని ముందే అడిగితే ఇంటర్వెల్‌కే కథ అయిపోద్ది.

మీ ఊళ్ళో ఆ రూపాయికి ఏ వైపుని బొమ్మంటారు? కాస్త తొందరగా చెప్పండి. నాతో మాట్లాడాలని సీనయ్య ఇందాకే కబురు పంపాడు.