గ్రాసియాస్ అనని సిందుల్ఫో

పరాగ్వే దేశం రెండు పెద్ద యుద్ధాలు చేసింది. రెంటి మీదా బీరువాల నిండా పుస్తకాలున్నాయి. కానీ తకువాపోతీ గ్రామంలో దోన్ సిందుల్ఫో బరెయిరో 'గ్రాసియాస్', అంటే థాంక్స్, అనడం మానేసిన సంగతిని ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. ఇది క్షమించరాని లోటు. యుద్ధాలు ఎప్పుడో ముగిశాయి. సిందుల్ఫో పట్టు ఇంకా సడలలేదు.

అంతా తెరెరే అనే ఆకుపానీయం దగ్గర మొదలైంది. కొమ్ముగిన్నెలో ఆకు, పైన ఐసునీళ్ళు, అందరికీ కలిపి ఒకటే గొట్టం. పోసే మనిషి ఒకరు. తాగి, గిన్నె తిరిగిచ్చి ఊరుకుంటే మళ్ళీ మీ వంతు వస్తుంది. ఇస్తూ 'గ్రాసియాస్' అన్నారా, ఇక చాలన్నట్టు. ఆ తర్వాత నాలుక పిడచగట్టుకుపోయినా గిన్నె మీ వైపు తిరగదు. ఈ చిన్న మర్యాద మీద సిందుల్ఫో ఒక మహాసిద్ధాంతం కట్టాడు. ఆ మాట ఎక్కడ అంటే అక్కడ రావలసింది ఆగిపోతుందట. చాలన్నవాడికి ఎవరిస్తారు?

సిద్ధాంతానికి సాక్ష్యాలూ ఉన్నాయి. ఒక ఏడు పాదిరీగారు మంచి వాన కురిసిందని పూజలో దేవుడికి గ్రాసియాస్ చెప్పారు. కోతల దాకా మళ్ళీ చుక్క పడలేదు. సిందుల్ఫో ఇప్పటికీ గుడికి వెళతాడు గానీ పాదిరీ ముఖం చూడడు. కడుపునొప్పికి ఆపరేషన్ చేసిన డాక్టరుకి కూడా ఆయన ఆ మాట చెప్పలేదు. ఇంటికి పంపిస్తూ డాక్టరు ఎదురు చూసి ఎదురు చూసి, చివరికి తానే గ్రాసియాస్ అన్నాడు. ఉత్తమ మెకానిక్కని ఊరు శాలువా కప్పితే, సిందుల్ఫో దాన్ని తడిమి చూసి, "బాగుంది. ఇంకోటుందా?" అన్నాడు.

ఈ సిద్ధాంతం వల్ల నిజంగా కుమిలిపోయిన మనిషి నిల్సా. నారగంజాయి షెడ్డుకి ఆవిడే పెద్ద. పేరు చూసి కంగారు పడొద్దు, ఆ మొక్కలో మత్తు లేదు. పట్నం కుర్రాళ్ళు ఒకసారి ఆశగా వచ్చి, ఒక కట్ట కాల్చి, దగ్గుకుంటూ వెళ్ళారు. రైతులు గింజలు అమ్ముకుని కాడలు పొలంలోనే తగలబెట్టేవారు. నిల్సా రైతుల సమాఖ్య చుట్టూ తిరిగి తిరిగి ఊళ్ళోకి మిషను తెప్పించింది. కాడ ఇటు వేస్తే నార ఒకవైపు, బెండు ముక్కలు ఒకవైపు. నార తాళ్ళకి, బెండు సున్నంతో కలిపి ఇటుకలకి. ఊరి ఆడవాళ్ళకి ఊళ్ళోనే పని.

ఇప్పుడు సమాఖ్యకి వేరే ఆలోచన వచ్చింది. ఊరికో చిన్న షెడ్డు ఎందుకు, అన్నీ కలిపి హైవే పక్కన ఒకే పెద్ద ఫ్యాక్టరీ పెడితే పోలేదా అని. తేల్చడానికి ఇన్యీగో అనే ఇంజనీరు వస్తున్నాడు. స్పెయిన్ నుంచి కొత్తగా దిగిన మనిషి. ఆయన ఊఁ అంటే మిషను లారీ ఎక్కుతుంది.

ముందు రోజు నిల్సా సిందుల్ఫోని పక్కకి పిలిచింది. మిషను నడిపేది ఆయనే. అది ఆగిన ప్రతిసారీ వెళ్ళి తెరెరే దగ్గర కూర్చుంటాడు, లేవడు. అందరూ చాలని లేచి పోయినా, ఎదువిహెస్ అవ్వ పోస్తూనే ఉంటుంది, ఈయన తాగుతూనే ఉంటాడు. ముసలావిడకి షెడ్డులో ఆ పోయడం తప్ప వేరే పని కూడా లేదు.

"దోన్ సిందుల్ఫో, రేపు ఒక్కరోజు. ఆ ఒక్క మాటా అనేసి లేవండి. మనది సోమరి షెడ్డని రాసుకుపోతాడు."

"అమ్మాయీ, ప్రాణం అడుగు, ఇస్తాను."

"మిషను పోతుందండీ."

"ఆ మాట అంటే తప్పకుండా పోతుంది," అన్నాడు సిందుల్ఫో గంభీరంగా.

ఇన్యీగో వచ్చాడు. మర్యాద మూటగట్టుకుని పుట్టినవాడు. కుర్చీ వేస్తే గ్రాసియాస్, చీపా రొట్టె ఇస్తే గ్రాసియాస్, ఈగని తోలితే గ్రాసియాస్. ఎదువిహెస్ మొదటి గిన్నె అందించగానే అందరికంటే గట్టిగా గ్రాసియాస్ అన్నాడు. అంతే, ఆయన పని అయిపోయింది. గిన్నె ఆయన్ని దాటుకుంటూ తిరగసాగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పాపం, చూపులతోనే తాగుతున్నాడు. నిల్సా మాత్రం మనసులో లెక్క కట్టేసుకుంది: మన నీళ్ళే వద్దన్నవాడు మన షెడ్డు కావాలంటాడా?

మధ్యాహ్నానికి ఇన్యీగో ఉండబట్టలేక సిందుల్ఫో వైపు వంగాడు.

"నా మీద మీకేమైనా కోపమా?"

"మాకెందుకు? నువ్వే చాలన్నావు."

"ఎప్పుడు?"

"వచ్చీ రాగానే."

సంగతి విన్నాక ఇన్యీగో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సిందుల్ఫో కనుసైగ చేస్తే ఎదువిహెస్ గిన్నె నింపింది. ఇన్యీగో తాగాడు, నోరు మూసుకుని గిన్నె తిరిగిచ్చాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తాగాడు. భోజనాలవగానే బయల్దేరాల్సినవాడు, ఎలా ముగించాలో తెలియక, పొద్దు వాలేదాకా కూర్చుండిపోయాడు.

కాబట్టే బళ్ళు చూశాడు. పొలం పనులయ్యాక ఎద్దుబండి మీద కాడలు వేసుకుని రైతులు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చినప్పుడల్లా సిందుల్ఫో లేచి మిషను ఆడించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కొండంత బండిని చూసి ఇన్యీగో ఆ రైతుని అడిగాడు, ఇదంతా హైవే దగ్గరికి తోలుకురాగలవా అని.

"అక్కడిదాకా ఎద్దులు రావు సార్. లారీకెత్తితే మోసేది సగం గాలే, కిరాయి గిట్టదు. పొలంలోనే తగలబెడతాను."

"ఇంత పొద్దుపోయాక వస్తే ఇక్కడ మనిషి ఉంటాడని ధైర్యమేంటి?"

రైతు సిందుల్ఫోని చూపించాడు. "ఆయన లేస్తే కదా."

మిషను ఊళ్ళోనే ఉంటుందని శనివారం కబురొచ్చింది. ఆదివారం చెప్పడానికి నిల్సా సిందుల్ఫో ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద వేడి కాఫీ తాగుతున్నాడు. తెరెరే కాదా అని నిల్సా ఆశ్చర్యపోతే, లోపల కర్రపెండలం చెక్కు తీస్తున్న ఆయన భార్య నవ్వింది.

"ఆ ఆకు నీళ్ళు ఆయన ఒంటికి పడవమ్మా. ఇంట్లో వాసన కూడా చూడరు."

నిల్సా ఆయన వంక చూసింది. సిందుల్ఫో కాఫీ వంక చూశాడు.

"మిషను రాకముందు ఈ ఊళ్ళో నార చేత్తో తీసింది ఎదువిహెస్ ఒక్కతే," అన్నాడు. "ఆ చేతులకి పని లేకుండా చేసిన మిషను బిగించింది నేను. ఇప్పుడు పోయడమే ఆవిడ పని. ఆఖరివాడు గ్రాసియాస్ అంటే గిన్నె సర్దుకుని ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో ఎవరున్నారని?"

"మరి వాన? పాదిరీ?"

"ఏదో ఒక సిద్ధాంతం ఉండాలి కదమ్మా. లేకపోతే ఆవిడకి తెలిసిపోదూ? ఒక్కచోట ఆ మాట అన్నా దొరికిపోతానని డాక్టరు దగ్గర కూడా నోరు కట్టుకున్నాను. మంచివాడు, పాపం."

నిల్సా ఆయన భార్య తెచ్చిచ్చిన కాఫీ తాగి, కప్పు ఊరికే తిరిగిచ్చింది. మళ్ళీ పోశారు.

సోమవారం పొద్దున్నే మిషను బెల్టు తెగింది. కొత్తది వచ్చేదాకా నిల్సాతో సహా అందరూ కూర్చుని తెరెరే తాగారు.