మూడంగుళాలు ఎత్తిన బండి, ఎక్కనన్న పొట్టేలు

2002వ సంవత్సరం. కళ్యాణదుర్గంలో మెయిన్ రోడ్డు పక్కన నాకు కమాన్ల షాపు ఉండేది. కమాన్ కట్ట అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. బండి బరువంతా మోసేవీ, గుంతలో పడ్డప్పుడు వంగి లేచేవీ అవే. విరిగిన పట్టీ మార్చడం, కుంగిపోయిన కట్టకు మళ్ళీ వంపు తేవడం మా పని. సమ్మెట కొట్టేది ఖాదర్ భాయ్, మాట్లాడేది నేను. మాట్లాడే పనిలో నన్ను మించినవాడు తాలూకాలోనే లేడని ఖాదర్ భాయ్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అది మెప్పు కాదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.

ఆ ఏడాది ఎండలు ముదరక ముందు ఒక గురువారం పొద్దున, కుందుర్పి వైపు నుంచి తిప్పేస్వామి అనే గొర్రెల కాపరి తన పికప్ బండిని తోలుకొచ్చాడు. చేతులు మారిన పాత బండి. రోజూ అదే బండి మీద మేత, నీళ్ళ డ్రమ్ములు మోస్తాడు. వారానికోసారి గొర్రెలు ఎక్కించుకుని అనంతపురం సంతకు పోతాడు. పక్క సీట్లో అతని భార్య మారెక్క ఒళ్ళో సద్దిగిన్నె పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమప్పా, ఏం కథ?" అన్నాను.

"మా ఊరి వంకలో రాళ్ళు బండి కడుపుకు తగుల్తాండాయన్నా. రవ్వంత పైకెత్తల్ల. దుడ్లు ఎక్కువ లేవు, ముందే చెప్తాండా."

బండి ఎత్తడానికి దారులు మూడు. కొత్తగా ఎత్తు కట్టలు వేయించడం మొదటిది. అది అన్నిటికంటే మంచిది, అన్నిటికంటే ప్రియం. ధర వినగానే తిప్పేస్వామి బండి తాళం జేబులో పెట్టుకుని లేచాడు. కూర్చోబెట్టి రెండోది చెప్పాను. పాత కట్టలో ఇంకో పట్టీ దూర్చడం. ఎత్తు వస్తుంది కానీ కట్ట బిగుసుకుపోతుంది, ఖాళీ బండి ప్రతి గుంతకూ ఎగిరి పడుతుంది.

"అది వద్దు," అంది మారెక్క లోపలి నుంచే. "దినామూ దీంట్లో కూర్చుండేది నేను. నా నడుము ఏమైపోవల్ల? గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి కాళ్ళు ఇరగ్గొట్టుకుంటాయి."

ఆమె మాట నాకు నచ్చింది. ఇక మిగిలింది బ్లాకు. వెనక యాక్సిల్‌కూ కమాన్ కట్టకూ మధ్య ఒక ఇనుప దిమ్మ పెట్టి, పొడుగాటి యూ-బోల్టులతో బిగించేస్తాం. కట్ట మెత్తదనం పోదు, ఖర్చు తక్కువ. ముందు చక్రాలకు మాత్రం బ్లాకు పెట్టకూడదు, బ్రేకు తొక్కినప్పుడు ఆ తోపుకు దిమ్మ నిలవదు. అందుకని ముందు కట్టలకు ఖాదర్ భాయ్ సమ్మెటతో కొట్టి వంపు తేవాలని, వెనక బ్లాకులు వేయాలని అనుకున్నాం.

"ఆరంగుళాలు ఎత్తన్నా, లారీ మాదిరి ఉండల్ల," అన్నాడు తిప్పేస్వామి ఉషారుగా.

"మూడు చాలు. మలుపులో గొర్రెలన్నీ ఒక పక్కకు ఒరిగితే ఆరంగుళాల బండి బోర్లా పడుతుంది. అప్పుడు నన్ను తిట్టుకోవడానికి నువ్వుండవు," అన్నాను.

సాయంత్రానికి పని ముగిసింది. నాలుగు చక్రాల దగ్గరా టేపుతో కొలిచాను, ఎక్కడా తేడా లేదు. తారు రోడ్డు మీద రెండు మైళ్ళు తోలి చూశాను, ఎటూ లాగలేదు. తిప్పేస్వామి వంగి బండి కిందికి చూసి, కొత్త అల్లుణ్ణి చూసినట్టు మురిసిపోయాడు. "రేపు మూడు గంటలకు గొర్రెలెక్కించుకుని సంతకు పోతాం," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నా మీదే ముచ్చటేసింది.

మర్నాడు శుక్రవారం, మధ్యాహ్నం రెండు కావస్తోంది. పట్టీ విరిగిన జీపు ఒకటి వచ్చింది. ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తాను. చక్రం గాల్లో వేలాడింది. కింద కూర్చుని యూ-బోల్టు విప్పబోతుంటే బ్రేక్ హోస్ చేతికి తగిలింది. ఛాసిస్ మీది ఇనుప గొట్టం నుంచి యాక్సిల్‌కు బ్రేకు ఆయిలు తీసుకుపోయే రబ్బరు గొట్టం అది. చక్రం నేల మీద ఉన్నప్పుడు వదులుగా ఉంటుంది. ఇప్పుడు మాత్రం బాగా సాగి ఉంది, ఇంకో రెండు వేళ్ళ వదులు ఉందేమో అంతే.

జీపును ఎవరూ ఎత్తలేదు. దానికే ఇంత సాగితే, యాక్సిల్‌ను మూడంగుళాలు కిందికి దించిన తిప్పేస్వామి బండికి? నేల మీద నిలబెట్టి కొలిచాను, తారు రోడ్డు మీద తోలాను. చక్రాన్ని ఒక్కసారీ వేలాడదీసి చూడలేదు. తారు రోడ్డు మీద చక్రం వేలాడదు. వాళ్ళ వంకలో, ఆ వాగు రాళ్ళ మీద, అడుగడుక్కీ వేలాడుతుంది.

ఆ వంక నాకు తెలుసు. ఊరి నుంచి వచ్చేటప్పుడు ముందు నిలువు దిగుడు, దాని అడుగున వంక. ముందు రోజు సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వంకలో ఆ హోస్ సాగే ఉంటుంది. ఇప్పుడు బరువుతో దిగుతూ బ్రేకు గట్టిగా తొక్కితే తెగిపోతుంది. ఆ పాత బండికి నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒకచోట తెగితే ఇక బ్రేకు లేనట్టే.

వాళ్ళ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫోనుకు చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. నేను సంగతి చెప్పి, అలాగే ఖాదర్ భాయ్ మోటారు సైకిలెక్కబోతే ఆయన హ్యాండిలు పట్టుకుని ఆపాడు. "ఉత్త చేతులతో పోయి ఏం చేస్తావప్పా? ఆగు!" అని పక్కన స్పేర్లంగడికి పరిగెత్తి, పొడుగు హోసూ బ్రేకాయిలు సీసా తెచ్చి సంచిలో వేశాడు. నాకు ఆ మాత్రం కూడా తోచలేదు.

గంట దారి. ఎదురొచ్చే ప్రతి బండిలోనూ తిప్పేస్వామిని వెతుక్కున్నాను. వంక దగ్గరికి చేరేసరికి మూడు దాటి ఇరవై నిమిషాలు. రాళ్ళ మధ్య బోల్తాపడ్డ బండి లేదు. దిగుడు మీద కూడా ఏమీ లేదు. ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో లెక్క లేదు.

ఊరి బయట బండి నిలబడి ఉంది. దాని వెనక పాతికదాకా గొర్రెలు, పలుగు పట్టుకుని తిప్పేస్వామి, ఒక పెద్ద పొట్టేలు కొమ్ములు పట్టి లాగుతూ మారెక్క, పక్కన కర్రతో ఆమె నాయన.

"వచ్చినావా అన్నా! రా, నీ పనితనం చూడు!" తిప్పేస్వామి గొంతు అరుపులతో పోయింది. "గొర్రె ఒక్కటీ ఎక్కల్యా!"

సంగతి ఏమిటంటే, గొర్రెలు ఎక్కడానికి వాళ్ళు బండి వెనక తలుపు ఎత్తుకు సరిగ్గా ఒక మట్టి దిబ్బ పోసుకున్నారు. తలుపు దించితే దిబ్బ మీద ఆనేది. ఇప్పుడు బండి మూడంగుళాలు లేచింది కాబట్టి తలుపు గొలుసుల మీద ఊగుతోంది. ముందు నడిచే పొట్టేలు కాలు పెట్టగానే తలుపు ఖణేలుమంది, అది వెనక్కి దూకింది. అది ఎక్కకపోతే వెనక ఒక్కటీ ఎక్కదు. మధ్యాహ్నం రెండింటి నుంచీ ఇదే రగడ.

నేను ఆ దిబ్బ మీదే కూర్చున్నాను. నవ్వు ఆగలేదు.

"నగుతాండావా? సంత పోతాండాది ఈడ!" అన్నాడు తిప్పేస్వామి.

జాకీ పెట్టి బండి కిందికి దూరాను. హోస్ కొన దగ్గర రబ్బరు చీలి ఉంది. వేలు పెడితే ఆయిలు తడి. బయటికి వచ్చాను. వాళ్ళకు తెలిసింది దిబ్బ ఎత్తు సంగతే. హోస్ మార్చేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. కానీ మారెక్క నా తడి వేలినే చూస్తోంది. తప్పు నాదని, చూడాల్సింది చూడలేదని మొత్తం చెప్పేశాను.

"అంటే దిగుడులో బ్రేకు తొక్కింటే?" అంది మారెక్క.

"తెగేది తల్లీ."

ఆమె వెనక్కి తిరిగి నాయన వైపు చూసింది. గొర్రెలు పడకుండా కర్ర పట్టుకుని బండి వెనక తొట్టిలో నిలబడేది ఆయనే.

తిప్పేస్వామి పలుగు కింద పడేశాడు. "నీకు దండం పెట్టల్లో, నాలుగు తన్నల్లో తెలీడం లేదన్నా," అన్నాడు చివరికి. "టేపు పెట్టి అంత కొలిస్తివే. మేం పోయేది వంకలోనని చెప్పింటి కదా?"

చెప్పాడు. మొదటి మాటే అది. నేను మాట్లాడే హడావుడిలో వినలేదు.

పొడుగు హోస్ బిగించాను. లైనులో చేరిన గాలి తీయడానికి పెడలు తొక్కే మనిషి కావాలి. మారెక్క ఎక్కింది. "తొక్కు... పట్టుకో... ఇప్పుడు వదులు," అని నేను కింద నుంచి అరుస్తుంటే, నా కంటే ఓపికగా తొక్కింది. తర్వాత వెనక చక్రాలు రెండూ వేలాడదీసి హోస్ లాగి చూశాను. మూడు వేళ్ళ వదులుంది. తిప్పేస్వామిని కూడా కిందికి పిలిచి చూపించాను. అందరం కలిసి దిబ్బ మీద మట్టి పోశాం, తలుపు ఆనింది. పొట్టేలు ఒక కాలు పెట్టి, చప్పుడు రాలేదని నమ్మకం కుదిరాక దర్జాగా ఎక్కింది. వెనక అన్నీ ఎక్కాయి.

అప్పుడు మారెక్క పైకెక్కి ఆ పొట్టేలును కొమ్ములు పట్టి మళ్ళీ కిందికి దించింది.

"ఏమిటికి? ఈ వారం రేటు పలికేది అదొక్కటే గదా!" అన్నాడు తిప్పేస్వామి.

"పలకనీ. ఇది రాదు," అంది ఆమె.

పొట్టేలును ఇంట్లో కట్టేసి వచ్చి ఆమె బండెక్కింది. నేను మోటారు సైకిలు మీద వాళ్ళ వెనకే దిగుడు దిగాను. కింద వంక ముందు బ్రేకు లైటు ఎర్రగా వెలిగింది, బండి నిలబడింది. కిటికీలోంచి తిప్పేస్వామి చెయ్యి బయటికి వచ్చి ఊగింది. నేను అక్కడే బండి ఆపి, సిగ్గు లేకుండా ఏడ్చాను. అంత తేలిగ్గా నా గుండె మళ్ళీ ఎప్పుడూ లేదు.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆ పని చేశాను. ఎత్తించుకోవడానికి ఎవరొచ్చినా, ఏ దారిలో పోతావని ముందు అడిగి, నోరు మూసుకుని వినేవాణ్ణి. బండిలో ఏమేం ఎక్కిస్తావు, ఎక్కడి నుంచి ఎక్కిస్తావు అని కూడా అడిగేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్ళు. పని అయ్యాక నాలుగు చక్రాలూ వేలాడదీసి, ప్రతి హోసూ వేలితో లాగి చూడకుండా తాళం ఇవ్వలేదు. తిప్పేస్వామి కూడా బండి పనికి ఇంకో షాపుకు పోలేదు. వచ్చినప్పుడల్లా నేను హోస్ సంగతి కంటే ముందు పొట్టేలు సంగతే అడిగేవాణ్ణి. "తిని తిని బలిసినాదన్నా," అనేవాడు, "దాన్ని అమ్మే మాట ఇంట్లో ఎత్తేదానికి లేదు."