సైంటిస్టు సార్ గారి సతీమణి

పోయిన ఆదివారం పొద్దున్నే ఢిల్లీ ఆర్.కె. పురం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టింది నేనే. "మన సైంటిస్టు సార్ గారి సతీమణి గుండెపోటుతో స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము." సంఘం కార్యదర్శిని కదా, ఇలాంటివి రాయడం నాకు అలవాటే. క్షణాల్లో దండాల బొమ్మలు వరస కట్టాయి. సార్‌కి దేవుడు ధైర్యమివ్వాలి అన్నారందరూ.

కాసేపటికి ఆయనే ఫోన్ చేశారు. ఏడుపు లేదు గానీ గొంతు బొంగురుపోయి ఉంది.

"ఒక్క మాటండీ. మీరు రాసినదాన్నిబట్టి సైంటిస్టు బతికే ఉన్నాడు. పోయింది సైంటిస్టేనండీ."

తల కొట్టేసినట్టయింది. తెలియక రాసుంటే వేరే సంగతి. తెలిసే రాశాను. వెంటనే తీసేసి కొత్తది పెట్టాను, కానీ అప్పటికే అది ఇంకో నాలుగు గ్రూపులకి పాకిపోయింది.

సంగతేమిటంటే, లోహాల మీద పరిశోధన చేసే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఆవిడ పెద్ద సైంటిస్టు. మా ఎదురు క్వార్టరు ఆవిడ ఉద్యోగానికి ఇచ్చిందే. ఆయన బ్యాంకులో క్లర్కుగా చేస్తూ, ఆవిడకి ఢిల్లీ బదిలీ అయితే వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని వెంట వచ్చేశారు. కానీ ఆయనకి తెల్లగడ్డం, లావుపాటి కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఇంగ్లీషు పేపరు. ఇంకేం కావాలి మాకు? వచ్చిన వారంలోనే ఆయన్ని సైంటిస్టు సార్ చేసేశాం. "నేను కాదండీ, ఆవిడ" అని పాపం మొత్తుకునేవారు. అబ్బ, ఎంత వినయమో అనుకునేవాళ్ళం. నిజం తెలిశాక కూడా పిలుపు మారలేదు. ఆయన సార్, ఆవిడ ఆంటీ. పిల్లలు ఆంటీ అంటే మేమూ అదే అనేశాం. నిజానికి నాకంటే ఓ నాలుగైదేళ్ళు పెద్దేమో, అంతే.

సంఘం వనభోజనాలకి వస్తే ఆంటీ ఆడవాళ్ళ వైపు కూచుని వంకాయలు తరిగేవారు. మగవాళ్ళం ఇటు కూచుని రాకెట్ల గురించి సార్‌ని ప్రశ్నలడిగేవాళ్ళం. "ఉండండి, కనుక్కొచ్చి చెబుతా" అని ఆయన లేచి వంకాయల దగ్గరికి వెళ్ళొచ్చేవారు. మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే రోత పుడుతోంది.

మా ఇంటికొస్తే ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి కుక్కరు పిడి కదిపి చూసేవారు. "ఇది మార్చమ్మా, ఇవాళో రేపో ఊడుతుంది" అని మా ఆవిడతో అనేవారు. మా అమ్మాయికి డౌట్లన్నీ ఆవిడ దగ్గరే. సాయంత్రం ఆఫీసు కారు దిగి, ఇంట్లోకైనా వెళ్ళకుండా, మెట్ల మీదే కూచుని దానికి చెప్పేవారు. అది హిందీలో అడిగేది, ఆవిడ గోదావరి యాసలో జవాబిచ్చేవారు. "బట్టీ కొట్టి వచ్చావో, నా మెట్లెక్కనివ్వను" అని బెదిరించేవారు.

పదో తరగతి అయ్యాక అది సైన్సు తీసుకుంటానంది. నేను కామర్స్ అన్నాను. మావాణ్ణి ఇంజనీరింగ్ కోచింగుకి పంపినప్పుడు వాడు ఏ వేళకి ఇంటికొచ్చాడో నేను అడిగింది లేదు. ఆడపిల్ల అదే కోచింగు ముగించుకుని చీకటిపడ్డాక మెట్రో దిగి ఒక్కతే రావాలనేసరికి మాత్రం నాకు ఢిల్లీ అంతా గుర్తొచ్చింది. ఆ మాట విని ఆంటీ మా ఇంటికొచ్చారు.

"భయం మీది కదండీ. స్టేషనుకి మీరెళ్ళి తీసుకురండి. దాని చదువు మాన్పించడం దేనికి?"

నేనేమన్నానో తెలుసా? "మీ అభిమానం ఆంటీ. సార్‌ని కూడా ఓ మాట అడుగుతాను."

ఆవిడ నా మొహంలోకి ఓసారి చూసి, "ఠీక్ హై, అడగండి" అని లేచి వెళ్ళిపోయారు. సార్‌ని అడిగాను కూడా. "ఆవిడ చెప్పాక నేను చెప్పేదేముందండీ" అన్నారాయన. దాన్నీ నాకు అనుకూలంగానే అర్థం చేసుకున్నాను. అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి, కామర్స్. అయినా మెట్ల మీద పాఠాలు ఆగలేదు. కామర్స్ పిల్లకి అవెందుకంటే, "ఊరికే, కబుర్లకి" అనేవారు ఆంటీ. మా పిల్లని నేను వదిలేసిన చోట ఆవిడ పట్టుకున్నారు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

మొన్న కమ్యూనిటీ సెంటర్లో సంతాపసభ పెట్టాం. ఒక్కొక్కరూ లేచి ఆవిడ వంకాయ కూర గురించీ, మంచితనం గురించీ చెప్పారు. నా వంతొచ్చింది. ఈసారైనా సరిగ్గా చెబుదామని, "మేడమ్ గారు గొప్ప సైంటిస్టు" అని మొదలెట్టాను. ఆ ప్రయోగశాలలో ఆవిడ చేసే పనేమిటో నాకొక్క ముక్క తెలీదు. ఇన్నేళ్ళూ మావి ఎదురెదురు గుమ్మాలు! దిక్కుతోచక ఆయన వైపు చూశాను. ఆయన వెనక వరసలో ఉన్న మా అమ్మాయిని చూపించారు. "నాకంటే అమ్మాయికే బాగా తెలుసండీ."

అది వచ్చి మైకు తీసుకుంది. తడబడే తెలుగులో, మధ్యమధ్య హిందీ కలుపుతూ చెప్పింది. విమానం ఎగిరిన ప్రతిసారీ దాని రెక్క కొంచెం వంగుతుందట. ఒక్కసారికి ఏమీ కాదట. మళ్ళీ మళ్ళీ వంగితే లోపలెక్కడో కంటికి కనబడని చీలిక మొదలవుతుందట. "ఆ క్రాక్ ఎప్పుడొస్తుందో, ఎంత దూరం వెళ్తుందో ఆంటీ పహలే చెప్పేసేవారు, అంటే ముందే. అదే ఆంటీ పని." జడలోంచి పిన్ను తీసి వంచుతూ చూపించింది. ముందు వరసలో ఆయన మాటమాటకీ తలూపుతున్నారు.

ఒక పెద్దాయన ఉండబట్టలేక అడిగారు. "ముందే ఎలా చెప్పగలరమ్మా?"

అది పిన్ను మళ్ళీ జడలో పెట్టుకుంది.

"అది నాకు తెలీదంకుల్. దానికి ఫిజిక్స్ చదవాలి. నేను కామర్స్."

కోపం లేదు, నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. మైకు నా చేతికిచ్చి వెళ్ళి తన కుర్చీలో కూచుంది. తర్వాత ఎవరిని పిలుస్తానా అని అందరూ నావైపు చూస్తున్నారు.